నింద పంపు మీదే

విజయవాడ ఆటోనగర్‌లో అడ్రసు పట్టుకుని వెళ్లడం కన్నా చప్పుడు పట్టుకుని వెళ్లడం తేలిక. రేకు కొట్టే మోత వినిపిస్తే లారీ క్యాబిన్లు కట్టే చోటు. సమ్మెట దెబ్బలు పడుతుంటే కమాన్‌కట్టల వాళ్లు. సన్నగా, ఎడతెగకుండా కీచుమంటుంటే లేత్ షాపులు. ఊరంతా చెదిరి ఉన్న మోటారు పనివాళ్లను ఒకచోటికి చేర్చాలని 1960ల్లో మొదలుపెట్టిన పేట ఇది. జవహర్ ఆటోనగర్ అనేది పూర్తి పేరు. ఆ పేరుతో అడిగితే మాత్రం ఆటో డ్రైవరు ఓ క్షణం తటపటాయిస్తాడు.

నేను వెళ్లిన షెడ్డు లేత్ షాపుల వరస చివర ఉంది. బోర్డు లేదు. ముందు ఒక పాత ఎంఎం 540 జీపు దుమ్ము పట్టి ఉంది. లోపల పొడుగు కమాండర్ జీపు బానెట్ ఎత్తి నిలబెట్టి ఉంది. పాత మహీంద్రా జీపులకు పవర్ స్టీరింగు ఎక్కించడంలో, వేరేవాళ్లు ఎక్కించినవి చెడితే బాగుచేయడంలో ఈ మేస్త్రీ గారి చేతికి పేరుంది. అరవై దాటిన మనిషి. మాట్లాడేటప్పుడు మన ముఖం చూడరు, బండినే చూస్తారు.

కమాండర్ మారేడుమిల్లి నుంచి వచ్చింది. గుడిస కొండ మీద సూర్యోదయం చూడాలని వచ్చేవాళ్లను చీకటితోనే ఎక్కించుకుని పైకి తీసుకెళ్లే బండి. ఆ దారిలో మట్టి, రాయి, ఏటవాలు తప్ప రోడ్డు అనదగ్గది తక్కువ. దాన్ని తెచ్చిన కుర్రాడే నడుపుకుంటాడు, బండీ అతనిదే.

"తిప్పితే చాలు ఏడుస్తోంది మేస్త్రీ గారూ. పంపు పోయింది. కొత్తది వేసెయ్యండి, సాయంత్రానికి బయల్దేరతాను."

"పోయిందని నువ్వే తేల్చేశాక నా దగ్గరికెందుకు తమ్ముడూ? పంపు కొనుక్కుని అక్కడే బిగించుకోవచ్చుగా."

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. మేస్త్రీ స్టార్ట్ చేయమన్నారు. ఇంజను నిదానంగా తిరుగుతుండగా స్టీరింగు కుడికి తిప్పగానే బానెట్ కింద నుంచి మొదలైంది ఊళ. తిప్పిన కొద్దీ గొంతు పెరిగింది, చివరిదాకా వెళ్లేసరికి చెవులు మూసుకోవాలనిపించింది. మేస్త్రీ ఆయిల్ డబ్బా మూత తీసి నన్ను పిలిచి చూపించారు. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు గోధుమరంగు నురగై పొంగుతోంది.

"ఇది గాలి తాగుతోంది. తాగేది పంపే. తాగిస్తున్నది ఎవరో చూడాలి."

అసలు ఈ బండికి పవర్ స్టీరింగు పుట్టుకతో లేదు. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1949లో ముంబై మజగావ్‌లో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. ఆ జీపు తేలిక, టైరు సన్నం, పెట్రోలు ఇంజను. స్టీరింగు తిప్పడానికి చేతుల బలమే చాలేది. తర్వాత బరువైన డీజిల్ ఇంజన్లు వచ్చి ముందు ఇరుసు మీద కూర్చున్నాయి. టైర్లు వెడల్పయ్యాయి. స్టీరింగు మాత్రం చాలా ఏళ్లు చేతుల మీదే నడిచింది. 2000లో బొలేరో వచ్చి, పవర్ స్టీరింగు ఉన్న బొలేరోలు కొన్నాళ్లకు స్క్రాపు దుకాణాలకూ చేరడం మొదలయ్యాక, వాటి స్టీరింగు బాక్సూ పంపూ ఊడదీసి పాత జీపులకు ఎక్కించే పని ఊపందుకుంది. ఈ కమాండర్‌కీ ఎవరో అలాగే ఎక్కించారు. ఎవరన్నది కుర్రాడు చెప్పలేదు, మేస్త్రీ అడగలేదు.

బరువు మోసే బండి తిప్పలేక డ్రైవరు పడే పాట్లే ఈ యంత్రానికి మొదటి కారణం. అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లో ఆయిలు ఒత్తిడితో తిరిగే స్టీరింగును కారుకు బిగించి నడిపి చూపించాడు. ఆర్థికమాంద్యంలో దాన్ని ఎవరూ చేపట్టలేదు. యుద్ధంలో సైనిక వాహనాలకు పనికొచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది. మారేడుమిల్లి కొండ ఎక్కే బండిలో ఉన్నదీ మూలానికి అదే ఊహ: ఇంజను బెల్టు పంపును తిప్పుతుంది, పంపు ఆయిలును నెడుతుంది, మన చెయ్యి ఎటు తిప్పితే ఆ వైపుకు వాల్వు ఆ ఆయిలును వదులుతుంది.

మేస్త్రీ పంపు మీద చెయ్యి వేయకముందే చాలా చూశారు. బెల్టు నొక్కి చూశారు. పుల్లీ పక్కన ఇనప స్కేలు ఆనించి, ఇంజను పుల్లీతో ఒకే గీతలో ఉందా అని ఒంటికన్నుతో చూశారు. లేదు. పంపు బ్రాకెట్ ఒక వైసరు మందం బయటికి జరిగి ఉంది. బెల్టు ఒక పక్కే అరిగి మెరుస్తోంది. తర్వాత పంపుకీ స్టీరింగు బాక్సుకీ మధ్య ప్రెషర్ పైపు విప్పి, కవాటం ఉన్న మీటరు ఒకటి బిగించారు. ఇది ఈ షెడ్డులో ఉందని నేను అనుకోలేదు. చాలాచోట్ల ఈ పరీక్షే చేయరు, చెవితో తీర్పు చెప్పేస్తారు.

మన టైర్లలో 30 పౌండ్ల గాలి ఉంటుంది. ఇలాంటి పంపు, దారి మూసేస్తే, 1000 పౌండ్లు దాటించాలి. కవాటం మూశారు. ముల్లు లేచింది, సగం దాటి వణుకుతూ ఆగిపోయింది. లోపల అయిదు అంకెలు లెక్కపెట్టేలోపే మేస్త్రీ కవాటం తెరిచేశారు. అంతకు మించి మూసి ఉంచితే ఆయిలు కాలి, బాగున్న పంపు కూడా పోతుందట. స్టీరింగును చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని కూర్చునే డ్రైవర్లు చేసేదీ సరిగ్గా ఇదే. ఇరుకు మలుపులో బండి రివర్సు చేసేటప్పుడు మనలో ఎంతమందికి ఆ అలవాటు లేదు?

"పంపు పోయిందన్నది నిజమే తమ్ముడూ. నువ్వు చెప్పింది తప్పు కాదు. కానీ నువ్వన్నట్టు కొత్తది వేసి పంపిస్తే, అది కూడా కొండెక్కి పోతుంది."

డబ్బా నుంచి పంపుకు ఆయిలు దిగే సక్షన్ పైపు ఊడదీశారు. పైకి కొత్తగానే ఉంది. కత్తితో నిలువునా చీల్చి రెండు చేతులతో విప్పారు. లోపలి రబ్బరు పొర ఉబ్బి, ఒకచోట ఊడి, నాలుకలా వేలాడుతోంది. అది నీళ్ల పైపు. రేడియేటరుకు వాడేది. నీటికి తట్టుకుంటుంది గానీ ఈ ఎర్ర ఆయిలుకు ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. పంపు గట్టిగా లాగినప్పుడల్లా ఆ నాలుక దారికి అడ్డం పడింది. కావలసిన ఆయిలు దొరక్క లోపల శూన్యం ఏర్పడింది. ఉబ్బిన పైపు క్లిప్పు దగ్గర పట్టు సడలి గాలి కూడా చేరింది. ఊళ అంతా అదే.

పంపు విప్పాక నష్టం కంటికి కనిపించింది. గుండ్రటి రోటరు, దాని చుట్టూ గాడులు, గాడుల్లో సన్నటి రేకులు. ఇదంతా కోలగా ఉన్న ఉక్కు ఉంగరం మధ్యలో తిరుగుతుంది. తిరిగే వేగానికీ వెనక నుంచి ఆయిలు నెట్టే బలానికీ రేకులు బయటికి పొడుచుకొచ్చి ఉంగరాన్ని ఆనుకుని ఆయిలును ముందుకు తోస్తాయి. ఉంగరం కోలగా ఉండటం వల్ల ఆయిలు ఎదురెదురుగా రెండు చోట్ల నెట్టబడుతుంది, ఇరుసు ఒకే పక్కకు వంగకుండా నిలుస్తుంది. ఇంత అందమైన పనితనాన్ని మనం రోజూ తొక్కేసి పోతుంటాం. ఉంగరం లోపలి గోడ అద్దంలా ఉండాలి. ఇక్కడ వేలు పెట్టి జరిపితే గతుకుల రోడ్డులా తగిలింది. ఆయిలు అందక రేకులు ఎగిరెగిరి కొట్టిన దెబ్బలవి.

సీలు కిట్టు వేసి దీన్నే వాడలేమా అని కుర్రాడు మెల్లగా అడిగాడు. సీలు కారితే కిట్టు, ఉంగరం పోతే పంపు. మేస్త్రీ సమాధానం అంతే.

కొత్త పంపు తెచ్చేలోగా ఇంకో బేరం నడిచింది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, స్టీరింగుకు బలం కావలసింది అప్పుడే. పంపు కూడా అప్పుడు నెమ్మదిగానే తిరుగుతుంది కాబట్టి బరువనిపిస్తుంది. రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు ఎక్కువైన ఆయిలును పంపులోని వాల్వే వెనక్కి మళ్లిస్తుంది, ఆ సమస్య లేదు. అందుకని కొందరు పంపుకు చిన్న పుల్లీ వేయించుకుంటారు. కుర్రాడు విన్నది వేరే చిట్కా: ప్రెషర్ వాల్వు స్ప్రింగు కింద వైసరు వేస్తే బలం పెరుగుతుందట.

"పెరుగుతుంది. పైపు పగిలేదాకా పెరుగుతుంది. వేడి ఆయిలు ఎగజిమ్మి సైలెన్సరు మీద పడితే ఆ చీకట్లో నీ వెనక పదిమంది టూరిస్టులుంటారు." స్ప్రింగు జోలికి ఆయన వెళ్లలేదు. పుల్లీ మాత్రం పక్క లేత్ షాపులో కాస్త చిన్నది చేయించారు. ఆయిలు వేడెక్కకుండా వెనక్కి వచ్చే దారిలో ఒక చుట్ట పైపు గాలి తగిలేచోట పెట్టారు. ప్రెషర్ పైపు కోసం పొక్లెయిన్లకు హోసులు నొక్కే దుకాణానికి కొలత ఇచ్చి పంపారు. ఆ యంత్రాల ఒత్తిడి ముందు జీపు ఒత్తిడి లెక్కలోకి రాదు. ఆటోనగర్‌లో పని చేయించుకోవడంలో ఉన్న సుఖం ఇదే: ఒక షెడ్డుకు లేని పనిముట్టు పక్క వీధిలో ఉంటుంది.

ఇంతవరకూ వచ్చాక బిగించేస్తారనుకున్నాను. మేస్త్రీ జాకీ తెప్పించారు. ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేపించి, స్టీరింగు బాక్సును చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ విప్పించి, చక్రాన్ని చేత్తో పక్కకు తిప్పబోయారు. కదల్లేదు. గట్టిగా తోస్తే కిర్రుమని కదిలింది. చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరి కింగ్‌పిన్ బేరింగులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. లోపల గ్రీజు ఎప్పుడో అయిపోయి మట్టి నీళ్లు చేరాయి.

నేను ఈ షెడ్డుకు ఏం చూడ్డానికి వెళ్లానో అప్పుడు అర్థమైంది. చేతి స్టీరింగు ఉన్న రోజుల్లో ఈ బిగువు డ్రైవరు భుజాలకు మొదటి వారంలోనే తెలిసేది. పవర్ స్టీరింగు వేశాక అతని చేతికి ఏ కబురూ అందలేదు. బరువంతా పంపు మోసింది, మోసి మోసి వేడెక్కింది. పాత జీపుకు పవర్ స్టీరింగు వేయించుకోవడం మంచిదే అంటాను, కొండ దారిలో రోజంతా స్టీరింగుతో కుస్తీ పట్టేవాడికి ఇంకా మంచిది. కానీ అది బండి జబ్బుల్ని డ్రైవరుకు చెప్పే దారిని మూసేస్తుంది. కబురు తెచ్చే చెయ్యి సుఖపడింది కాబట్టి ఇక కన్నూ జాకీ ఆ పని చేయాలి.

కింగ్‌పిన్‌ల పని తర్వాత మేస్త్రీ వాటి బిగువును స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూశారు. బేరింగు కింద సన్నటి రేకులు ఒకటి తీసి ఒకటి పెడుతూ, రెండు పక్కలా త్రాసు ముల్లు ఒకేచోట ఆగేదాకా వదల్లేదు. కుర్రాడికి విసుగు. నాకు మాత్రం ఆ పూటంతా చూసినవాటిలో ఇదే ఇష్టమైన పని.

పంపు బిగించడం దానికదే తొందరగా అయిపోయింది. బాక్సులో చేరిన ఇనప పొడి పోవడానికి, వెనక్కి వచ్చే పైపును ఓ డబ్బాలోకి వదిలి, కొత్త ఆయిలు పోస్తూ పాతదంతా కక్కించారు. ఆయిలు డబ్బా అడుగున జల్లెడ కడిగితే చెంచాడు నల్లటి మడ్డి దిగింది. గాలి తీయడానికి ఇంజను ఆపే ఉంచి, చక్రాలు గాలిలో ఉండగానే స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి నిదానంగా తిప్పించారు. బుడగలు ఆగేదాకా తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయించారు. ఊళ లేదు. ఆయిలు ఎర్రగా, నిశ్చలంగా ఉంది.

ఒక సందేహం కుర్రాడి నోట్లో అప్పటిదాకా నానుతున్నట్టుంది. ఘాట్‌లో బెల్టు తెగితే స్టీరింగు పట్టేస్తుందా? పట్టేయదు. లోపల ఇనపముక్కల జోడింపు ఉండనే ఉంది, బండి తిరుగుతుంది, చాలా బరువుగా తిరుగుతుంది. నమ్మకం కలగడానికి మేస్త్రీ బెల్టు వదులు చేసి, షెడ్డు ముందు అతని చేతనే నడిపించారు. రెండు మలుపులు తిప్పేసరికి కుర్రాడికి చెమట పట్టింది. భయం మాత్రం పోయింది. బెల్టు మళ్లీ బిగించి, అదనంగా ఒక బెల్టు సీటు కింద పెట్టుకోమన్నారు.

బయట దుమ్ము పట్టి ఉన్న ఎంఎం 540 యజమాని అప్పుడే వచ్చాడు. చేతి స్టీరింగు తీసేసి పవర్ స్టీరింగు వేయించుకోవాలని కోరిక. బాక్సు, పంపు స్క్రాపులో కొని సంచిలో తెచ్చుకున్నాడు. మేస్త్రీ సంచి విప్పలేదు. జీపు కిందికి దూరి, బాక్సు బిగించే చోట చాసిస్ మీద టార్చిలైటు వేశారు. పవర్ బాక్సు తోసే బలానికి పాత చాసిస్ రేకు చీలుతుంది. అందుకని ముందు అక్కడ మందపాటి ప్లేటు వెల్డింగు చేయించాలి. డ్రాగ్ లింక్ ఏటవాలుగా పడితే గుంతలో దిగినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు లాగుతుంది, దాని కొలత చూడాలి. ఆ తర్వాత కింగ్‌పిన్‌లు. పంపు మాట ఆఖరున.

"మరి ఎన్ని రోజులు పడుతుంది బాబాయ్?"

"చాసిస్ కడిగాక చెప్తాను. ఆ సంచి నీ దగ్గరే ఉంచుకో."