సగం సెంట్రల్, సగం స్టేట్

ఎనభైల్లో కాజీపేట పిల్లలకు తెలిసిన కొలువులు రెండే: రైల్వే, ఆర్‌ఈసీ. "మీ నాయిన ఏం చేస్తడు?" అని అడిగితే ఈ రెండింట్లో ఏదో ఒకటి చెప్పాలి. మూడోది చెప్పాడంటే వాడు హన్మకొండ నుంచి వచ్చినవాడే. మా నాయిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో, ఫిట్టింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు.

1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అది. దేశంలోని ఆర్‌ఈసీల్లో మొదటిది. ఆ రోజు నెహ్రూను దగ్గరి నుంచి చూశానని మా తాత అనేవాడు. ఆ వయసు వరంగల్ వాళ్లలో చూడలేదన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ప్రణాళికల కాలంలో కట్టే డ్యాములకు, ఫ్యాక్టరీలకు ఇంజనీర్లు కావాలని పెట్టిన కాలేజీలవి. కట్టడాలకు, యంత్రాలకు డబ్బు కేంద్రానిది. ఏటా నడిపే ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం. సీట్లూ అంతే, సగం మన రాష్ట్రం పిల్లలకు, సగం బయటి రాష్ట్రాలకు. నాయిన చదివింది తక్కువేగానీ ఈ లెక్క మాత్రం కంఠతా వచ్చు. ఇంట్లో అన్నదమ్ములం కొట్లాడుకుంటే మామిడిపండు రెండు ముక్కలు చేసి, "ఇగో, ఇది సెంట్రల్‌ది, ఇది స్టేట్‌ది" అని చేతిలో పెట్టేవాడు. టెంక ఎవరికన్నది మాత్రం తేలేది కాదు.

అడ్మిషన్లప్పుడు జీటీ ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు స్టేషన్‌కు పోయేవాళ్లం. ట్రంకు పెట్టెల మీద తెల్ల పెయింటుతో రాసిన ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదవడం మా ఆట. పాట్నా, కొట్టాయం, జమ్మూ. రిక్షావాళ్లకు ఉర్దూ ఉండనే ఉంది కాబట్టి బేరానికి అడ్డం లేదు. తెలుగు పిల్లలే కొత్తలో హాస్టల్లో భాష రాక మూగనోము పట్టేవాళ్లు.

సెలవు రోజుల్లో నాయిన వెంట వర్క్‌షాపుకు పోతే కటింగ్ ఆయిలూ ఇనుప రజనూ కలిసిన వాసన. ఫస్టియర్‌లో బ్రాంచి ఏదైనా అందరూ ఫిట్టింగ్ చేయాల్సిందే. చేతిలో మైల్డ్ స్టీల్ ముక్క పెట్టేవారు. దాన్ని వైస్‌లో బిగించి, ఆకురాయితో రాకి, ఒక ముక్కలో 'వీ' గాడి, రెండోదాంట్లో దానికి సరిపడే మొన తీయాలి. రెంటినీ జతచేసి కిటికీ వైపు ఎత్తి పట్టుకునేవాడు నాయిన. సందులోంచి వెలుగు కనపడితే మార్కు పోయినట్టే. జమ్మూ పిల్లగాడికైనా జనగామ పిల్లగాడికైనా అరచేతిలో బొబ్బలు ఒక్కతీరుగానే లేచేవి. సర్కారు సొమ్ము ఎటు పోతోందని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఆ బొబ్బలే గుర్తొస్తాయి.

తొంభైల్లో ఆర్‌ఈసీలు ఎట్లా నడుస్తున్నాయో చూడమని కేంద్రం మషేల్కర్ కమిటీని వేసింది. ఇద్దరు యజమానుల పద్ధతి తీసేసి కేంద్రమే నడపడం, ఆర్‌ఈసీలు ఎన్ఐటీలు కావడం ఆ తర్వాతి ముచ్చట. మాది 2002లో మారింది. మంచిదే అయింది, డబ్బుకు ఇద్దరి మొహాలు చూసే బాధ తప్పింది. సొంత రాష్ట్రానికి సగం సీట్లు అట్లాగే ఉండడం ఇంకా మంచిదైంది.

ఆ సగంలోనే మా వీధికి ఒక సీటు దక్కింది. లోకోషెడ్ ఫిట్టర్ కొడుకు, మెకానికల్. కాలనీ అంతా స్వీట్లు పంచారు. వర్క్‌షాపులో వాడు రాకిన మొదటి ముక్కల జతను కిటికీకి ఎత్తిపట్టి నాయిన మార్కులు కోశాడు. ఆ సాయంత్రం వాళ్ల నాయిన మా ఇంటికొచ్చాడు. ఇక లొల్లేనని అమ్మ భయపడింది. ఆయన ఆ ముక్కల్ని అడిగి తీసుకుని, బల్బు కింద అటూ ఇటూ తిప్పి, "మంచిగ కోసినవ్ అన్నా, ఇంకో రెండు కోయకపోయినవ్" అని, చాయ్ తాగి పోయాడు.