అద్దె సైకిలు

వచ్చే నెల విరుదునగర్‌లో మన చదువుల నిధి గురించి మీటింగ్ ఉంది కదా. దానికి ముందు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి తొలిరోజుల గురించి చెప్పాలనిపించింది. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

ఆయన పేరు తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. అమ్మానాన్నలు తమిళులు, పెరిగింది తెలుగు ఊళ్ళో. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ మీడియంలో చదివిన నాలాంటివాడికి, ఆయన మన మనిషి అనిపించడానికి ఆ ఒక్క ముక్క చాలు.

లేని కుటుంబం. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో కుట్టించుకున్నవే ఆయన మొదటి బూట్లని చెబుతారు. పిల్లవాడి ఆట హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కంట్లో పడింది. సంతోష్ ట్రోఫీ జట్టు ప్రాక్టీసుకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. రహీం సాబ్ ఉపన్యాసం ఇవ్వలేదు, సైకిలు అద్దెకు డబ్బులిచ్చారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో ఆయన ఉన్నారు. మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. మరుసటి ఏడు మన రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు వచ్చారు. అప్పుడే జబ్బు చేసి, ఇరవై ఏడేళ్ళకే ఆట ఆపేయాల్సి వచ్చింది. 2023లో కన్నుమూశారు.

ఇక మన కోవిల్‌పట్టి సంగతి. ఇది హాకీ ఊరు. ఇక్కడి మారీశ్వరన్ 2022 ఏషియా కప్‌లో ఇండియాకు ఆడాడు. నేను టికెట్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో హాకీ కర్రలు పట్టుకున్న పిల్లలు చిల్లర లెక్కపెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఒకడికి తగ్గితే ఇంకొకడు వేసేవాడు. అందరికీ తగ్గిన రోజు ఎవడో ఒకడు ఇంటికి తిరిగి పోయేవాడు. వాళ్ళలో ఎంతమంది మళ్ళీ గ్రౌండు ముఖం చూడలేదో ఎవరు లెక్క రాశారు?

మన నిధి ఇప్పుడు మార్కులు చూసి ఇస్తున్నాం. మంచిదే, ఆపమనను. అందులో కొంత భాగం ఆటకు పోయే పిల్లల బస్సు చార్జీకి, బూట్లకు, ఒక పూట గుడ్డు పాలకు పక్కన పెట్టమంటున్నాను. ఆడపిల్లలకు ముందు ఇద్దాం. చిన్న మొత్తమే, కానీ సమయానికి అందాలి. బలరాం పతకాలు గెలిచాక సన్మానం చేసినవాళ్ళు చాలామందే ఉంటారు. గెలవకముందు సైకిలు అద్దె ఇచ్చింది ఒక్కరే.

ఈ మాట మీటింగ్‌లో పెడతాను. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు ఇద్దరూ రండి.