మావారి కుడికాలు, ఎడమకాలు

మావారు బుల్లెట్ కొన్నది 1986లో. నేను ఈ ఇంటికి కాపురానికొచ్చింది 1989లో. అంటే సీనియారిటీ దానిదే! సీతాఫల్‌మండి సందుల్లో ఇళ్ళెలా ఉంటాయో తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వాకిలంటే గట్టిగా నాలుగడుగులు. అందులో మూడడుగులు దానిదే. ముప్ఫై ఆరేళ్ళపాటు నా ముగ్గు ఆ మిగిలిన అడుగులోనే సర్దుకుంది.

దాన్ని స్టార్ట్ చెయ్యడమంటే సత్యనారాయణ వ్రతమంత తతంగం. ముందు పెట్రోలు ట్యాపు తిప్పాలి. తాళం పెట్టాక హెడ్‌లైటు పైనున్న బుల్లి మీటరు చూస్తూ కిక్కు మెల్లగా నొక్కాలి. ఆ మీటరు ముల్లు ఓ పక్కకి వాలి మళ్ళీ మధ్యకి వచ్చిందా, పిస్టను పైకి చేరిందని గుర్తు. అప్పుడు హ్యాండిల్ దగ్గరున్న చిన్న మీట పట్టుకుని ఇంకాస్త తొక్కి, మీట వదిలేసి, కిక్కు మళ్ళీ పైకి తెచ్చుకుని, ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాలి. ఈ వరస తప్పితే కిక్కు ఎదురు తిరిగి పిక్క మీద కొడుతుంది. మావారు ఆ ముల్లు వంక చూసే చూపు, నేను పాకం తీగ వచ్చిందా లేదా అని చూసే చూపు ఒకటే. అందుకని ఆ పిచ్చిని నేనెప్పుడూ వెక్కిరించలేదు.

ఆ చప్పుడు సంగతంటారా? లోపల ఉండేది ఒక్కటే పెద్ద సిలిండరు. 346 సి.సి. పిస్టను వెడల్పు 70 మిల్లీమీటర్లయితే, అది కిందికీ పైకీ తిరిగే దూరం 90. మిక్సీ బ్లేడులా గిర్రున తిరగడం దానికి చేతకాదు, రోకలిలా దంచుతుంది. అందుకే ఆ దడ్ దడ్. ఆ చప్పుడు నామాలగుండు మలుపు దగ్గర వినపడగానే నేను ఇక్కడ కాఫీ నీళ్ళు పడేసేదాన్ని.

అన్నీ బాగానే ఉన్నాయి, మోకాళ్ళు తప్ప. ఆయనకిప్పుడు అరవై నాలుగు. కుడి మోకాలి చిప్ప కింద అరిగిపోయిందనీ, ఇక కిక్కు కొట్టే మాట మరిచిపొమ్మనీ డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పేశారు. నేను మటుకు గేర్లు లేని స్కూటరు చాలన్నాను. ఇప్పటికీ నా మాట అదే. తార్నాకకి కూరలకీ, చిలకలగూడకి మందులకీ వెళ్ళేవాళ్ళకి అంత బండెందుకు చెప్పండి? కానీ ఆయన నెలరోజులు ముభావంగా తిరిగేసరికి మా అబ్బాయి మనసు కరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. లోపు బళ్ళకి జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ లెక్కంతా కాగితం మీద వేసి చూపించి, దసరాకి క్లాసిక్ 350 తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు.

ఎదురింటి వదినగారు వచ్చి చూసి, ''పాతదానికే రంగేయించారా వదినా, ఎంత తీసుకున్నాడేమిటి?'' అంది! నాకు నవ్వాగలేదు. ఆవిడ తప్పేంలేదు లెండి. కన్నీటిచుక్కలాంటి ఆ పెట్రోలు ట్యాంకూ, గుండ్రటి దీపం, దాని పైన కనురెప్పలా టోపీ, చెరోపక్కా రెండు బుల్లి దీపాలూ, అన్నీ పాతకాలపువే. మన గ్రైండర్లు లేవూ? రాయి అమ్మమ్మ నాటి రాయే, తిప్పేది మోటారు. ఇదీ అంతే. మీట నొక్కితే చాలు, ఇంజను లేస్తుంది. కార్బురేటరు లేదు. ఎంత గాలికి ఎంత పెట్రోలు పొయ్యాలో కంప్యూటరు చూసుకుంటుంది. 2020లో పొగ నిబంధనలు బిగించాక వీటన్నిటికీ ఆ ఏర్పాటు తప్పనిసరైపోయింది. ఇంజను 349 సి.సి.యే, అయితే లోపల అదురును సరిపెట్టడానికి ఎదురు తిరిగే బరువొకటి పెట్టారట. నిజమే, వెనక కూర్చుంటే పాతదానిమీదలా గాజులు గలగలలాడవు. గేర్లు నాలుగుకి బదులు అయిదు. ముందూ వెనకా డిస్కు బ్రేకులు, గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుని జారిపోకుండా ఏ.బి.ఎస్. ఒకటి. బరువు మాత్రం 195 కిలోలు, అందులో ఏమీ తగ్గలేదు.

నేను చూసిందల్లా వెనకచక్రం పక్కన చీర గార్డుందా లేదా అని. అది మనకేదో ఉపకారమన్నట్టు ఇస్తారనుకోకండి. వెనక మనిషి కూర్చునే మోటారు సైకిలుకి పట్టుకోవడానికి పిడీ, కాలు పెట్టుకోవడానికి ఆనికా, బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే అడ్డూ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కుర్రాళ్ళు షోకు కోసం దాన్ని పీకి అటక మీద పడేస్తుంటారు. మీ ఇంట్లో ఎవరైనా పీకేస్తే మళ్ళీ పెట్టించేదాకా ఆ బండెక్కకండి.

ఈ బండి చరిత్ర మావారు రాత్రి భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పారో! రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది ఇంగ్లండులో, రెడిచ్ అనే ఊళ్ళో. బుల్లెట్ అన్న పేరు 1932 నుంచీ ఉంది. మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి ఇవి కావలసివచ్చి, 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళూ ఆ ఇంగ్లండు కంపెనీవాళ్ళూ కలిసి మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. తరవాత ఇంగ్లండులో కంపెనీ మూతపడింది, మన దగ్గర మాత్రం సాగుతూనే ఉంది. 1977కల్లా ఇక్కణ్ణుంచి అక్కడికే ఎగుమతి చేశారట! పుట్టింటి గుమ్మం మూసేసినా మెట్టినింట్లో నిలబడ్డ ఆడపిల్ల కథలా ఉంటుంది నాకు. 1994లో ఐషర్ వాళ్ళ చేతికొచ్చింది. 2009లో క్లాసిక్ వచ్చాక కుర్రకారు మళ్ళీ ఎగబడ్డారు. ఇప్పుడు 650 సి.సి.వి, రెండు సిలిండర్లవి కూడా 2018 నుంచీ వస్తున్నాయి. వాటి మీద మా అబ్బాయి కన్ను పడింది. నా కన్ను వాడి మీద పడి ఉంది.

ఇంతవరకూ ముచ్చటే. అసలు సంగతి నాలుగోరోజున బయటపడింది.

వారాసిగూడ వైపు మలుపులో పక్క సందులోంచి ఒక ఆటో చటుక్కున అడ్డం వచ్చింది. మావారు ఎడమకాలితో గట్టిగా తొక్కారు. బండి ఆగలేదు, ధడేలుమని ఒక కుదుపు కుదిపింది. చేతి బ్రేకు పట్టుకోబట్టి ఆటోకి జానెడు దూరంలో నిలబడ్డాం. ఆటోవాడు నాలుగు మాటలని పోయాడు. మావారు మాత్రం బండి పక్కకి తీసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లగా, ''అలవాటుగా ఎడమకాలు వేశానే'' అన్నారు.

విషయమేమిటంటే, ఆ రోజుల బుల్లెట్లకి గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉండేవి. ఇంగ్లండువాళ్ళ పాత పద్ధతి అది. అమెరికాలో 1970లలోనే గేరు ఎడమ పక్కనే ఉండాలని నిబంధన పెట్టడంతో ప్రపంచమంతా అటు తిరిగింది. మన బుల్లెట్ మటుకు చాలా ఏళ్ళు పాత పద్ధతినే పట్టుకుని, 2000 దాటాకగానీ పూర్తిగా మారలేదు. పైగా పాతదాంట్లో మొదటి గేరు పైకెత్తాలి, మిగతావి కిందికి. కొత్తదాంట్లో మొదటిది కిందికి, మిగతావి పైకి. అంటే కాలూ మారింది, దిక్కూ మారింది. చూడ్డానికేమో రెండూ కవలపిల్లల్లా ఒక్కలాగే ఉంటాయి. అదే నా భయం! స్కూటరైతే కూర్చోగానే ఇది వేరే బండని ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ అదే ట్యాంకు, అదే దీపం, కళ్ళకి కనిపించేదంతా పాతదే. కాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

''నాన్న ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నారమ్మా, ఆమాత్రం తెలీదా?'' అన్నాడు మా అబ్బాయి. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నారనే కదరా నా బాధ! నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడైతే వారంలో మార్చుకుంటాడు. నా పోపుల పెట్టెలో ఆవాల గిన్నే జీలకర్ర గిన్నే ఎవరైనా తారుమారు చేశారనుకోండి. మామూలప్పుడు చూసే వేస్తాను. నూనె కాగి పొగలొస్తున్నప్పుడు చెయ్యి పాతచోటికే పోతుంది. మీరూ అంతే, అవునా కాదా? ప్రమాదం వచ్చినప్పుడు బుర్ర ఆలోచించదు, అలవాటే పనిచేస్తుంది.

''ఏ.బి.ఎస్. ఉంది కదమ్మా'' అన్నాడు వాడు మళ్ళీ.

''బ్రేకు తొక్కితే కదరా ఏ.బి.ఎస్.!'' అన్నాను.

మర్నాటినుంచి ఒక షరతు పెట్టాను. ఆదివారాలు తెల్లవారకుండానే ఉస్మానియా యూనివర్సిటీ రోడ్లకి వెళ్ళాలి. మాకది దగ్గరే కదా. ఆ వేళప్పుడు నడిచేవాళ్ళు తప్ప పెద్దగా బళ్ళుండవు. ఆయన ముప్ఫై స్పీడులో వస్తుంటే, నేను రోడ్డు పక్క చెట్టుకింద నిలబడి నాకు తోచినప్పుడు ''ఆగు!'' అని అరవాలి. చెప్పి అరిస్తే లాభం లేదు, ఎప్పుడరుస్తానో ఆయనకి తెలియకూడదు. మొగుణ్ణి పట్టుకుని ''ఆగు'' ఏమిటని మా అత్తగారుంటే అనేవారేమో! ''ఆగండీ'' అనేలోపు ఆటో వచ్చేస్తుందత్తయ్యా అనేదాన్ని.

మొదటి ఆదివారం ఇరవైసార్లు అరిస్తే ఏడుసార్లు ఎడమకాలు వేశారు. ఏడు! నేను చీటీ మీద గీతలు గీసి చూపించాను. ఆయన ముఖం చిన్నబోయింది. ''వయసైపోయిందంటావు, అంతేనా?'' అన్నారు. కాదండీ, కాలికి జ్ఞాపకశక్తి మరీ బాగుందంటున్నాను అన్నాను. ఫ్లాస్కులో కాఫీ తాగి ఇంకో పదిసార్లు చేశాం. మూడో ఆదివారానికి తప్పులు నాలుగుకి దిగాయి. నాలుగో ఆదివారం మళ్ళీ ఆరు.

ఎందుకు పెరిగాయి? ఆ వారం మధ్యలో రెండుసార్లు పాతదాన్ని తీసుకెళ్ళారు! కిక్కు కొట్టడానికి వీధి చివర మెకానిక్ భాయ్‌ని బతిమాలుకున్నారట, నాకు తెలియకుండా. ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. ''అది నా బండి, ఇదీ నా బండే, రెండూ నడుపుకుంటాను'' అని ఆయన. ''ఆటో అడ్డమొచ్చినప్పుడు ఈరోజు ఏ బండి మీదున్నానని గుర్తు తెచ్చుకునేంత టైము ఎవడిస్తాడు?'' అని నేను. పాతదైనా, కొత్తదైనా, ఏదో ఒకటే ఉండాలి. పాతదే కావాలంటే గేరు ఎడమకి మార్పించి, సెల్ఫ్ స్టార్టు బిగించుకోవచ్చని భాయ్ చెప్పాడు. ఆ మాటకి మావారే ఒప్పుకోలేదు. ''దాని కాళ్ళు చేతులు మార్చి నా మోకాలికి సరిచేస్తారా? అట్లా వద్దు'' అన్నారు.

రెండురోజులు మాటల్లేవు. నాకూ అన్నం సయించలేదు. పెళ్ళయిన కొత్తలో నన్ను దానిమీదే కీసరగుట్టకి తీసుకెళ్ళారు. మా అబ్బాయి పుట్టినప్పుడు ఆస్పత్రికి అర్ధరాత్రి పరుగెత్తిందీ దానిమీదే. అది ఇనుమేనని నాకు తెలియదా, ఇనుమని అనేస్తే సరిపోతుందా? అయినా నా మాట మార్చుకోలేదు. మూడోరోజు పొద్దున్న పాతబండి తాళంచెవి తెచ్చి నా వంటింటి గట్టు మీద పెట్టి, ''నువ్వే ఎవరికైనా ఇచ్చెయ్, నేను బేరమాడలేను'' అన్నారు.

పాత రిజిస్ట్రేషన్ల గొడవ ఎలా ఉంటుందో తెలుసుగా. పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. మావారు అందులో ఏనాడూ తప్పలేదు కాబట్టి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. తుక్కు లెక్కన అడగడానికొచ్చిన ఇద్దర్ని గుమ్మంలోంచే పంపేశాను. మూడోసారి ఘట్‌కేసర్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. వాళ్ళ నాన్నకి ఇలాంటిదే ఉండేదట. ధర పెద్దగా గీచి అడగలేదు. విడిభాగాలు పుత్లీబౌలీలో దొరుకుతాయా ఆంటీ అని అడిగాడు. అది విని వీడే అనుకున్నాను.

ఈలోపు మా ఆదివారాలు సాగుతూనే ఉన్నాయి. ఏడో ఆదివారం ఇరవైకి ఇరవై కుడికాలే. ఇంకో ఆదివారం కూడా చూసి, అదీ ఇరవై అయ్యాకే నేను మళ్ళీ వెనక ఎక్కాను. హెల్మెట్ పెట్టుకునే లెండి. కొప్పు పాడవుతుందని మానేసేవాళ్ళుంటారు, జడ వేసుకుంటే సరిపోతుంది.

డబ్బిచ్చి బండి తీసుకెళ్ళడానికి కుర్రాడొచ్చిన రోజు, మావారు లోపల గదిలోనే కూర్చుంటారనుకున్నాను. లేదు, స్టూలు తెచ్చుకుని వాకిట్లో బైఠాయించారు. కిక్కు కొట్టడం వాడికి రాలేదు. ఆ ముల్లు సంగతీ, మీట సంగతీ గంటసేపు చెప్పారు. పదకొండోసారికి దడ్ దడ్ మంది. సందులో పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కుర్రాడికి కాఫీ ఇస్తూ, ''బాబూ, నువ్వు ఎడమకాలి గేర్లకి అలవాటుపడ్డవాడివి. నీ కాలూ తప్పుతుంది. ముందు ఖాళీ మైదానంలో ఎవరినైనా నిలబెట్టి, ఇరవైసార్లు ఆగమనిపించుకో'' అన్నాను. వాడు నవ్వి ఊరుకోబోయాడు.

''నవ్వకు. మా ఆవిడ చెప్పినట్టు చెయ్'' అన్నారు మావారు.