అమ్మవారికి నా ముక్కు

మా పాప డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చిందంటే కంప్యూటర్ ముందు కూర్చుని తెరమీద మట్టి పిసుకుతా ఉంటుంది. నిజం మట్టి కాదు లెండి. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్. 2002లో దాన్ని ఓపెన్ సోర్స్ చేసి అందరికీ వదిలేశారంట, పైసా కట్టే పని లేదు. మొదట ఒక గుండ్రటి బంతి ఉంటుంది. ‘గ్రాబ్’ అనే బ్రష్‌తో లాగితే గడ్డం వస్తుంది. ‘క్లే స్ట్రిప్స్’తో రుద్దితే బుగ్గకు కండ పడుతుంది. ‘స్మూత్’తో నిమిరితే నున్నగా అవుతుంది. నా చేతిలో చపాతీ పిండికి జరిగేదీ ఇంచుమించు అదే.

“దీంతో ఉద్యోగం వస్తుందా?” అని మా ఆయన రోజూ రాత్రి భోజనాల దగ్గర అడుగుతారు. పెన్నుతో గీసే పలక కావాలని అది అడిగి ఆరు నెలలయింది. ఇప్పటికీ మౌసే.

ఈసారి అది గంగమ్మ విశ్వరూపం చేస్తానంది. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడనివాళ్ళ కోసం చెప్తాను. జాతర చివర గుడిముందు మట్టితో అమ్మవారి పెద్ద ముఖం చేస్తారు. తెల్లవారుజామున చెంప నరికితే జాతర ముగిసినట్టు. ఆ మట్టిని జనం ప్రసాదంగా ఇళ్ళకు తెచ్చుకుంటారు. ఆ ముఖం ఉండేది ఒక్క రాత్రే.

ఫోటోలు చూసి మొదట ఉన్నదున్నట్టు చేసింది. అన్నీ ఉన్నాయి, అమ్మవారు మాత్రం లేదు. “జాతర వేషాలు గుర్తు తెచ్చుకో పాపా” అన్నాను. బైరాగికి తెల్లటి నామంసుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం. ఒక్క రంగుతోనే పక్కింటి పిల్లోడు కూడా వేరే మనిషయిపోతాడు. ఏది పెంచాలో, ఏది వదిలేయాలో తెలియడమే అందులో పనితనం. అది నగలు సగం తీసేసి కళ్ళు పెద్దవి చేసింది. సిమెట్రీ ఆపేసి ఒక కనుబొమ్మ కొంచెం పైకెత్తింది. అప్పుడు చూపు వచ్చింది.

ఇంకో చిక్కు మిగిలింది. గుంపులో తీసిన ఫోటోలన్నీ ఎదురుగా తీసినవే. పక్కకు తిప్పితే బొమ్మ అప్పడంలా ఉంది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పక్కనుంచి చూస్తా చేయడం మొదలుపెట్టింది.

“తప్పు పాపా, అమ్మవారికి నా ముక్కేంది!”

“మట్టితో చేసేవాళ్ళు మాత్రం ఎవరి ముక్కు చూసి నేర్చుకునుంటారు మా? ఇంట్లోవాళ్ళదే కదా!”

నాకు జవాబు దొరకలేదు. గంటన్నర కదలకుండా కూర్చున్నాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. కూర బాగుందా, చొక్కాకు ఇస్త్రీ అయిందా అని చూసినవాళ్ళే గానీ నా ముఖాన్ని అంతసేపు చూసినవాళ్ళు లేరు. నా గడ్డం కింద ముడత కూడా అది వదల్లేదు. “అది ఉంటేనే బరువు తెలుస్తుంది మా” అంది.

ఆ రాత్రి మా ఆయన చేయి తుడుచుకుంటా వచ్చి తెర ముందు నిలబడ్డారు. మౌస్ తీసుకుని బొమ్మను ఇటూ అటూ తిప్పారు. పక్కనుంచి కనపడేటప్పుడు ఆగి, ఒకసారి బొమ్మను, ఒకసారి నన్ను చూశారు. ఉద్యోగం మాట ఎత్తలేదు.

“ఆ పెన్ను పలక ఎంతవుతుంది?” అన్నారు.