గుర్రాల వర్తకుడు

మా ఆవిడ యింకొకరిమీద మనసుపడిన సంగతి మీకు చెప్పి తీరాలి. కంగారు పడకండి, ఆ యింకొకడూ నేనే!

శంషాబాదులో మా డాబామీద ఆదివారం సాయంత్రాలు ఒక ఆట సాగుతుంది. మా అబ్బాయి నేర్పాడు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలం. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, అది ఏం చేస్తుందో, ఏమంటుందో చెబుతారు. కష్టమైన పని తలపెడితే ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. దొంగ, రాజు, కల్లు దుకాణంవాడు—ఆటగాళ్ళు పట్టుకోని పాత్రలన్నిటికీ కథకుడే మాట అరువివ్వాలి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక ఆ పీట నాకు దక్కింది.

మా ఆవిడది నాటువైద్యురాలి పాత్ర. సంతలో ఒక గుర్రాల వర్తకుణ్ణి చూసి మనసుపడింది. వర్తకుడి మాటలు నావి. మొదట సిగ్గేసింది, తరువాత హుషారొచ్చింది. వాళ్ళ ముచ్చట్లు అరగంట సాగాయి. పక్కింటి దంపతులు మరమరాల గిన్నె ఖాళీ చేశారు.

"నాన్నా, మా కత్తులు తుప్పు పడుతున్నాయి" అన్నాడు అబ్బాయి.

నిజమే. వడ్డించేవాడు మనవాడని నెయ్యంతా ఒక్క విస్తట్లోనే పోస్తే, బంతిలో తక్కినవాళ్ళు లేచిపోరూ? ఆనాటినుంచి ఆ సరసాన్ని అయిదు నిమిషాలు దాటనివ్వలేదు. పాచికా అందరి ఎదుటే వేశాను.

ఒకసారి వర్తకుడు, "నీకేం కావాలి?" అని అడిగాడు.

"నా మాట పూర్తయ్యేదాకా వినే మనిషి" అంది వైద్యురాలు.

ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం గుచ్చుకుంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం తన తల్లిని మాదగ్గర వుంచుకునే మాట ఎత్తింది. పేపర్లు దిద్దుకుంటూ సగంలోనే అడ్డుకున్నాను. మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రం ఆటలో వర్తకుడు వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. పాచికైనా వెయ్యలేదు నేను. మా ఆవిడ పెన్సిలు కింద పెట్టి, "కాఫీ తెస్తాను" అని లేచింది. మళ్ళీ డాబా ఎక్కలేదు.

కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక సమాజం గుర్తుకొచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకే వేదిక ఎక్కే కుటుంబాలవి. ఆ పూట కథలో ఆమె ఎవరిని వరిస్తే వాడే నాయకుడు. ఇంటి కోపం తీర్చుకోడానికి మధ్యలో తెర దించితే యిన్నేళ్ళు నాటకం సాగేదా? నేను దించాను.

రాత్రి వంటింట్లోకి వెళ్ళాను. "తప్పు నాది. మన తగవు వాడిమీద తీర్చుకున్నాను. వచ్చేవారం అందరి ఎదుటా పాచిక వేద్దాం. రాసిపెట్టి వుంటే ఒడ్డుకు చేరతాడు."

"పోయినవాడు పోయాడు లెండి" అంది గిన్నెలు సర్దుతూ. "మా అమ్మ సంగతి సగంలో వుంది."

పీట వాల్చుకుని కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టింది. ఇంతలో నెత్తిమీద విమానం! 2008లో యిక్కడ విమానాశ్రయం తెరిచింది మొదలు, మా యింట్లో ఎన్ని మాటలు ఆ మోతలో కలిసిపోయాయో! అది దాటేదాకా ఆగి, "మళ్ళీ మొదటినుంచి చెప్పు" అన్నాను.