స్టేషన్ ఘనపురము మీదుగా పాలకుర్తికి

సికిందరాబాదునుండి కాజీపేటకు బోవు రైలుబండి జనగామ దాటిన పిదప స్టేషన్ ఘనపురము వచ్చును. కోటగుళ్లు గల ఘనపురము వేఱు. అది భూపాలపల్లి జిల్లాలోనిది.

బండిలో నా ప్రక్కనున్న యిల్లాలు "ఒక్కదానివే పోతున్నవా అక్కా?" అని యాశ్చర్యపడెను. పిదప తన కూతును జూపి, "సదువుకున్నది, పనిమంతురాలు. రంగు తక్కువని వచ్చినోళ్లందరు వాపసు పోతున్నరు" అని నిట్టూర్చెను. ఆ పిల్ల కిటికీవైపు మొగము ద్రిప్పుకొనెను. నాకు మాట తోచలేదు.

ఘనపురమున దిగి, బస్సెక్కి పాలకుర్తి చేరితిని. 1940వ దశకమున చాకలి ఐలమ్మ కౌలుభూమిలో సేద్యము చేసిన యూరిది. బట్టలుతుకు కులమున బుట్టిన స్త్రీ స్వతంత్రముగా పంట పండించుట విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి సహింపరానిదయ్యెను. అతడాపంటను గైకొనజూచెను. ఆమె వెనుదీయక, ఆంధ్రమహాసభ కార్యకర్తల తోడ్పాటుతో ధాన్యమును దన యిల్లు చేర్చుకొనెను. 1985లో నామె కన్నుమూసినది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి.

ఐలమ్మ మేనిచాయ యెట్టిదని నేడెవ్వరు నడుగరు. పెండ్లిచూపులలో మాత్రము పిల్లల చాయనే తూచుచున్నాము. సోదరీమణులారా! వాపసు పోయినవారిలో పెండ్లికొమరుల తల్లులమై యున్నదియు మనమే గదా! ఇకముందు కోడలిని వెదకబోయినపుడు, "అమ్మా, నీకేమి చేయవలెనని యున్నది?" అని యడిగి చూతము. అప్పుడా పిల్ల కిటికీనుండి మొగము మరల్చి మనవంక జూడగలదు.