తాళాలగుత్తికి వేలాడిన ఆయుధం

సియాటిల్ నుంచి బాన్ఫ్‌కి క్యాంపింగ్‌కి బయల్దేరాం. ట్రక్కు నిండా టెంట్లు, స్టవ్, కూలర్, ఆవకాయ సీసా. కట్టెలు మాత్రం వేసుకోలేదు. వాటిలో దాక్కున్న పురుగులు అడవులకి చేటని సరిహద్దు దాటనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

బ్లెయిన్‌లో 1921 నాటి తెల్లటి పీస్ ఆర్చ్ కనబడగానే పిల్లలు ఒకటే కేకలు. "ఆయుధాలేమైనా ఉన్నాయా?" అనడిగాడు ఆఫీసర్. మావారు "లేవు" అనబోతుంటే నా చెయ్యి తాళాలగుత్తి మీదకి పోయింది. దానికి పెప్పర్ స్ప్రే! నైట్ డ్యూటీలు చేసిన రోజుల నుంచీ అదే నా ధైర్యం. కెనడాలో మాత్రం మనుషుల మీద కొట్టే స్ప్రే నిషిద్ధ ఆయుధం. జంతువుల కోసమని లేబుల్ ఉన్న బేర్ స్ప్రే అయితే ఫరవాలేదు.

"నా దగ్గర ఒకటుందండీ" అన్నాను, గొంతు వణుకుతుండగా. ట్రక్కు పక్కన ఆపించి, సామానంతా దింపించి చూశారు. స్ప్రే తీసుకుని వదిలేశారు. మళ్ళీ సర్దుకునేసరికి గంట పట్టింది.

"అమ్మా, చెప్పకపోయుంటే?" అంది పాప.

"వాళ్ళకే దొరికుంటే ఇంత తేలిగ్గా వదిలేవారు కాదు తల్లీ."

బయల్దేరేముందు ట్రక్కుతో పాటు మీ హ్యాండ్‌బ్యాగూ ఒకసారి దులపండి.